‘నెష్’ అనే ఇంగ్లిష్ మాండలిక పదం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టోక్-ఆన్-ట్రెంట్, డెర్బీ, నాటింగ్‌హామ్, షెఫీల్డ్ వంటి ఊళ్లకు చదువు కోసమో ఉద్యోగం కోసమో వెళ్లిన తెలుగువారికి అక్కడి మొదటి చలికాలంలోనే ఒక చిన్న మాట చెవిన పడుతుంది. మనం బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్‌లో అది లేదు, లండన్‌లో ఉన్న స్నేహితుణ్ణి అడిగినా తెలియదంటాడు. ఆ మాట ‘నెష్’. దాని అర్థాన్నీ వాడుకనూ గురించి మనవాళ్లకు సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

‘నెష్’ అంటే ఏమిటి?

నలుగురూ మామూలుగా తట్టుకోగలిగే చలిని తట్టుకోలేని మనిషి స్వభావాన్ని చెప్పే విశేషణం ఇది. అందరూ చొక్కాలతో తిరుగుతున్న రోజున కోటు తొడుక్కుని, దానిమీద మఫ్లర్ చుట్టుకుని, కిటికీ తెరిస్తే మూయమని అడిగే మనిషిని ‘నెష్’ అంటారు. చలి ఎంత ఉంది అన్నది ఈ మాటకు ముఖ్యం కాదు. ఆ చలికి ఈ మనిషి పక్కవారికంటే ఎంత త్వరగా లొంగిపోతున్నాడు అన్నదే ముఖ్యం. ఈ అర్థాన్ని ఒక్క మాటలో చెప్పే పదం ప్రామాణిక ఇంగ్లిష్‌లో లేదు. అక్కడ ‘చలికి ఎక్కువగా ప్రభావితమయ్యే’ అని ఒక పదబంధాన్ని కూర్చుకోవలసిందే. పదిహేను వందల ఏళ్ల భాషా చరిత్రలో ఎన్నో మాటలు వచ్చి పోయినా, ఈ మాట కొన్ని జిల్లాల ప్రజల నోట నిలిచి ఉండటానికి ఈ లోటును పూడ్చటమే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

దాన్ని ఎలా పలకాలి?

‘ఫ్రెష్’లో ఉన్న చివరి భాగంలాగే పలకాలి. హ్రస్వ ఎకారం, చివర షకారం. ‘నేష్’ అని సాగదీయకూడదు. షకారం బదులు సకారం పలికితే విన్నవారికి మాట అందదు.

‘చలేస్తోంది’ అనడానికీ ‘నెష్’ అనడానికీ తేడా ఏమిటి?

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే కనుక కాస్త వివరంగా చెబుతాను. తెలుగులో చలి గురించి మాట్లాడేటప్పుడు మనకు ప్రధానంగా రెండు రకాల వాక్యాలు ఉన్నాయి. ‘ఇవాళ చలిగా ఉంది’ అన్నప్పుడు వాతావరణం గురించి చెబుతాం. ‘నాకు చలేస్తోంది’ అన్నప్పుడు ఈ క్షణంలో నా శరీరానికి కలుగుతున్న అనుభవం గురించి చెబుతాం. తెలంగాణలో ‘సలి వెడ్తుంది’ అన్నా వాక్యం నడక అదే. ఈ రెండో రకంలో ‘నేను’ కర్తగా నిలబడదు, ‘నాకు’ అవుతుంది. ఆకలి, నిద్ర, భయం మన మీదికి వచ్చినట్లే చలి కూడా బయటి నుంచి వచ్చి మనల్ని పట్టుకుంటుందన్న భావన ఆ చతుర్థీ విభక్తిలోనే ఉంది.

‘నెష్’ ఈ రెండింటిలో ఏదీ కాదు. ‘ఐ యామ్ నెష్’ అన్న వాక్యంలో చలి కర్త కాదు, మాట్లాడేవాడే కర్త. ‘నేను పొడుగు’, ‘నేను పొట్టి’ అన్నట్లుగా ఆ మనిషి తన తత్వాన్ని చెప్పుకుంటున్నాడు. మే నెలలో, వెచ్చని గదిలో కూర్చుని కూడా ఒకరు తాము నెష్ అని చెప్పుకోవచ్చు, అందులో అసంగతం ఏమీ లేదు. కాబట్టి బయట మంచు కురుస్తున్నప్పుడు ‘ఇట్ ఈజ్ నెష్ టుడే’ అనకూడదు, రోజు నెష్ కాదు. వణుకుతున్న వారందరినీ నెష్ అనడమూ పొరపాటే, ఎముకలు కొరికే చలిలో ఎవరైనా వణుకుతారు. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున నెగడు చుట్టూ చేరినవారు నెష్ కారు. మధ్యాహ్నం ఎండ కాశాక, మిగిలినవారు లేచి పనుల్లోకి వెళ్లిపోయినా, ఆ నెగడును వదలని మనిషి నెష్.

మరొక చిన్న చిక్కు ఉంది. విజయవాడలో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు కాస్త తగ్గగానే స్వెట్టర్లు, మంకీ క్యాపులు బయటికి వస్తాయి. స్టోక్‌లో జనవరి పగటి పూట 6, 7 డిగ్రీలు మామూలు. అలాంటప్పుడు ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లంతా నెష్ అవుతారా? ఈ మాటను జాగ్రత్తగా వాడే స్థానికులు అలా అనరు. అలవాటు లేకపోవడం వేరు, సహజంగానే తట్టుకోలేకపోవడం వేరు. అయినా ఆటపట్టించడానికి కొత్తవారిని కూడా అలా పిలవడం మామూలే. ఆ పిలుపులో సాధారణంగా చనువే ఉంటుంది.

ఈ మాట ఏ ప్రాంతాల్లో వినిపిస్తుంది?

దీని ప్రధాన స్థావరం మిడ్‌లాండ్స్ అని పిలిచే ఇంగ్లండ్ మధ్యభాగమూ, దానికి ఆనుకుని ఉన్న ఉత్తర జిల్లాలూ. స్టాఫర్డ్‌షైర్, అందులోనూ కుండల పరిశ్రమకు పేరుపడిన స్టోక్ ప్రాంతం, డెర్బీషైర్, నాటింగ్‌హామ్‌షైర్, ష్రాప్‌షైర్, చెషైర్, లాంకషైర్, దక్షిణ యార్క్‌షైర్‌లలో ఇది నేటికీ ఇళ్లలో, పనిచోట్ల సహజంగా వినిపిస్తుంది. ఒకప్పుడు నైరుతి జిల్లాల్లో కూడా వాడుకలో ఉండేదనడానికి సాహిత్యంలోనే సాక్ష్యం ఉంది, దాని గురించి కింద చెబుతాను. లండన్‌లోనూ ఆగ్నేయ జిల్లాల్లోనూ చాలామందికి ఈ మాట పూర్తిగా కొత్త. మాంచెస్టర్ నుంచి లండన్‌కు చదువుకోవడానికి వెళ్లిన ఇంగ్లిష్ విద్యార్థికే దీన్ని విడమరచి చెప్పవలసి వస్తుందంటే, తెలుగువారు తమకు తెలియలేదని చిన్నబుచ్చుకోనక్కరలేదు.

ఇది ఈ కాలపు వాడుక మాటా, పాత మాటా?

యువకుల నోట విన్నవారు దీన్ని నిన్నమొన్న పుట్టిన యాస మాట అనుకుంటారు. నిజానికి ఇది ఇంగ్లిష్‌లోని అతి పాత మాటల్లో ఒకటి. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో దీని రూపం ‘హ్నెష్షె’ అన్న ఉచ్చారణకు దగ్గరగా ఉండేది. అర్థం మెత్తని, సుకుమారమైన, బలహీనమైన అని. మొదట ఉన్న హకారం కాలక్రమంలో రాలిపోయింది. ఇది ఈ ఒక్క మాటకే జరిగింది కాదు: నేటి ‘రింగ్’ ఒకప్పుడు ‘హ్రింగ్’, నేటి ‘నట్’ ఒకప్పుడు ‘హ్నుతు’, రొట్టెకు వాడే ‘లోఫ్’ ఒకప్పుడు ‘హ్లాఫ్’.

ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లిష్‌కు దాయాది అయిన గోథిక్ భాషలో ‘హ్నస్క్వుస్’ అన్న మాట కనిపిస్తుంది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ను గోథిక్‌లోకి అనువదించారు. మత్తయి సువార్త 11వ అధ్యాయం 8వ వచనంలో, ఎడారిలోకి మీరు ఏమి చూడటానికి వెళ్లారని అడుగుతూ యేసు ప్రస్తావించిన రాజగృహాల మెత్తని వస్త్రాలకు ఆ అనువాదంలో వాడినది ఈ మాటే. తెలుగు బైబిల్ చదివినవారికి అక్కడ ‘సన్నపు బట్టలు’ అన్న మాట గుర్తుకు వస్తుంది. రాజుల ఇళ్లలో ఒంటిమీద కప్పుకునే మెత్తని వస్త్రానికి వాడిన మాట, ఈనాడు స్టోక్ వీధిలో చలికి ముడుచుకుపోయే పిల్లవాడికి వాడుతున్నారన్న సంగతి నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది.

‘మెత్తని’ అన్న అర్థం నుంచి ‘చలికి ఓర్వలేని’ అన్న అర్థం ఎలా వచ్చింది?

ఈ మార్పు తెలుగువారికి సులభంగా అర్థమవుతుంది, ఎందుకంటే దానిలో మొదటి మెట్టు మన భాషలోనూ ఉంది. మెత్తన అన్న మాట దూదికీ, పరుపుకీ, పండుకీ వాడతాం. దానితో చుట్టరికం ఉన్న ‘మెతక’ అన్న మాటను మనిషికి వాడినప్పుడు గట్టిగా నిలబడలేని, త్వరగా లొంగిపోయే తత్వమని అర్థం వస్తుంది. వస్తువు గుణం మనిషి గుణమైంది. ఇంగ్లిష్‌లోనూ ఇదే జరిగింది. మధ్యయుగంలో ‘నెష్’ను గట్టితనానికి వ్యతిరేకార్థంలో మెత్తని వస్తువులకు వాడేవారు, ఆ తరువాత సుకుమారంగా పెరిగిన మనుషులకు వాడారు. చివరికి ఆ సుకుమారత్వం ఎక్కువగా బయటపడే సందర్భం ఏదంటే, ఆ దేశంలో చలి. పొలాల్లో, గనుల్లో, మగ్గాల దగ్గర తెల్లవారకముందే పనిలోకి దిగవలసిన జిల్లాల్లో ఒక మనిషి గట్టివాడా మెతకవాడా అన్నది తేలేది చలి దగ్గరే. అందుకే క్రమంగా పాత అర్థాలు వెనకబడి, చలికి సంబంధించిన అర్థం ఒక్కటే ముందు నిలిచింది. మన దగ్గర చలి అంతటి పరీక్ష కాదు కనుక ‘మెతక’ ఆ రెండో మెట్టు ఎక్కలేదు.

సాహిత్యంలో ఈ మాట కనిపిస్తుందా?

కనిపిస్తుంది. మాంచెస్టర్‌లో నివసించిన ఎలిజబెత్ గాస్కెల్ 1848లో ప్రచురించిన ‘మేరీ బార్టన్’ నవల మొదటి అధ్యాయంలోనే ఇది ఉంది. పచ్చిక దాదాపు ఆరిపోయింది, పైగా మీరు జలుబు చేస్తుందని భయపడే నెష్ మనుషులు కారు కదా, ఇక్కడ కూర్చోండి అని ఒక పాత్ర స్నేహితులను పిలుస్తుంది. దక్షిణాది పాఠకులకు ఆ మాట తెలియదని గ్రహించి, అది ఆంగ్లో-సాక్సన్ (అంటే పాత ఇంగ్లిష్) మూలమున్న మాట అనీ, సుకుమారమని అర్థమనీ ఆ పుస్తకంలోనే అడుగున వివరణ ఇచ్చారు. ఆమె భర్త విలియం గాస్కెల్ లాంకషైర్ మాండలికం మీద ఉపన్యాసాలు ఇచ్చిన విద్వాంసుడు, అవి 1854లో అచ్చయ్యాయి. మిల్లు కార్మికుల మాటలు మొరటు మాటలు కావనీ, పాత ఇంగ్లిష్ వాటిలో దాగి ఉందనీ ఆ దంపతులు పాఠకులకు చూపించారు. నాకు వారిమీద ఎంతో గౌరవం ఉన్నది ఈ కారణంగానే.

థామస్ హార్డీ 1887లో ప్రచురించిన ‘ది వుడ్‌లాండర్స్’ నవలలో కూడా ఈ మాట వస్తుంది. ఒక వ్యాపారి తన కూతురిని ఏళ్ల తరబడి బోర్డింగ్ స్కూలులో ఉంచి, ఆమె తల్లిలాగే ఆమెనూ నెష్‌గా తయారుచేస్తాడని పల్లెవాళ్లు చెప్పుకుంటారు. హార్డీ నైరుతిలోని డోర్సెట్‌కు చెందినవాడు. అక్కడి వాడుకలో చలి ఊసు లేదు, సుకుమారంగా పెరిగిన దేహమన్న పాత అర్థమే ఉంది. ఈ రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే మాట ఉత్తరాన ఒక అర్థం వైపు మొగ్గుతూ, నైరుతిలో ఇంకా పాత అర్థంలోనే ఉండటం కనిపిస్తుంది.

వాక్యంలో ఎలా వాడాలి?

ఎక్కువగా క్రియ తరువాత వస్తుంది: ‘షి ఈజ్ నెష్’, ‘డోంట్ బీ నెష్’, ‘హి హాజ్ ఆల్వేస్ బీన్ నెష్’. తీవ్రతను చెప్పడానికి ముందు చేర్చే మాట ఊరిని బట్టి మారుతుంది. యార్క్‌షైర్, డెర్బీషైర్ వైపు ‘రైట్ నెష్’ అంటారు, లాంకషైర్ వైపు ‘డెడ్ నెష్’ అంటారు. అన్నిచోట్లా చెల్లేది ‘ఎ బిట్ నెష్’. తూర్పు మిడ్‌లాండ్స్‌లోనూ స్టోక్‌లోనూ ఎదుటివారిని ఆప్యాయంగా ‘డక్’ అని పిలుస్తారు కనుక, ‘ఆర్ యూ నెష్, డక్?’ అన్న ప్రశ్న వినబడితే కంగారు పడవద్దు. మన దగ్గర పరిచయం లేనివారిని కూడా ‘అమ్మా’, ‘బాబూ’ అన్నట్లే అది. కొన్నిచోట్ల దీన్ని క్రియగా కూడా వాడతారు, అప్పుడు భయపడి వెనక్కి తగ్గడమని అర్థం.

ఇది తిట్టా? ఎవరిని అనవచ్చు?

తిట్టు కాదు, కానీ ప్రశంస కూడా కాదు. ఈ మాటలో ఎప్పుడూ చిన్న ఎత్తిపొడుపు ఉంటుంది. స్నేహితులు ఒకరినొకరు, తల్లిదండ్రులు పిల్లల్ని, భార్యాభర్తలు పరస్పరం చనువుతో అనుకుంటారు. తమను గురించి తాము చెప్పుకోవడం అన్నిటికంటే సురక్షితం. చలిగా ఉన్న గదిలో హీటర్ వేయమని అడగడానికి మొహమాటపడే మనిషి, తాను కాస్త నెష్ అని ముందుగా చెప్పుకుంటే, ఆ విన్నపం ఎదుటివారిని నొప్పించదు. కొత్తగా చేరినవారు పై అధికారిని గానీ, పరిచయం లేని పెద్దవారిని గానీ ఈ మాట అనకపోవడం మంచిది. జబ్బుతో ఉన్నవారిని, ఇంట్లో వేడి కోసం ఖర్చు పెట్టుకోలేని పరిస్థితిలో ఉన్నవారిని అనడం మాత్రం నిష్ఠూరంగా ఉంటుంది. వారి బాధకు కారణం వారి స్వభావంలో లేదు.

ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షల్లో రాయవచ్చా?

రాయవద్దు. ఇది మాట్లాడే భాషకు చెందినది.

అదే ప్రాంతంలో వినిపించే ‘స్టార్వ్‌డ్’, ‘పార్కీ’, ‘మార్డీ’ వంటి మాటలకూ దీనికీ ఉన్న తేడా ఏమిటి?

‘పార్కీ’ వాతావరణానికి చెందిన మాట, ‘చలిగా ఉంది’ అన్నట్లు. యార్క్‌షైర్‌లో వినిపించే ‘నిథర్డ్’ ఆ క్షణంలో ఒళ్లు గడ్డకట్టినట్లున్న స్థితికి చెందినది, మన ‘కొంకర్లు పోవడం’ దానికి దగ్గరగా ఉంటుంది. ‘నెష్’ మనిషి స్వభావానికి చెందినది. ఈ మూడింటినీ కలిపేసుకోకపోతే చాలు. ‘మార్డీ’కి చలితో సంబంధం లేదు, అలిగి ముఖం ముడుచుకున్న మనిషికి ఆ మాట వాడతారు. అయితే చలికి సణుగుతూ కూర్చున్న పిల్లవాడు ఒకేసారి నెష్, మార్డీ రెండూ కావచ్చు.

అసలు జాగ్రత్త పడవలసింది ‘స్టార్వ్‌డ్’ దగ్గర. ప్రామాణిక ఇంగ్లిష్‌లో దానికి ఆకలితో మాడిపోవడమని అర్థం. కానీ ఉత్తరాదిలోనూ మిడ్‌లాండ్స్‌లోనూ పాతతరం వారి నోట అది చలితో బిగుసుకుపోవడమన్న అర్థంలో వస్తుంది. పాత ఇంగ్లిష్‌లో ఆ క్రియకు చనిపోవడమని అర్థం, జర్మన్‌లో దాని సోదర పదానికి నేటికీ అదే అర్థం. ఒకచోట ఆకలితో చావడంగా, మరొకచోట చలితో చావడంగా ఆ అర్థం కుదించుకుపోయింది. ఆకలికి ఆ జిల్లాల్లో ‘క్లెమ్డ్’ అన్న వేరే మాట ఉంది.

ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు వైద్యులూ నర్సులూ ఈ మాటల గురించి ఏమి తెలుసుకోవాలి?

ఈ జిల్లాల ఆసుపత్రుల్లోనూ వృద్ధుల సంరక్షణ గృహాల్లోనూ పనిచేసే మనవారికి ఇది పదజాల విషయం మాత్రమే కాదు. ఎనభై ఏళ్ల వృద్ధురాలు తాను ‘స్టార్వ్‌డ్’ అంటే భోజనం తెచ్చిపెట్టే ముందు దుప్పటి కావాలేమోనని అడగడం అవసరం. రోగి ‘నేనెప్పుడూ నెష్ మనిషినే’ అంటే, చలికి ఓర్వలేకపోవడం చిన్నప్పటి నుంచీ ఉన్న తత్వమని చెబుతున్నట్లు. ‘ఈ మధ్యనే నెష్‌గా తయారయ్యాను’ అంటే అది వేరే సంగతి. థైరాయిడ్ మందగించినప్పుడూ, రక్తహీనతలోనూ చలిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారుతున్నాయంటే రేనాడ్స్ అనే రక్తనాళాల సమస్య కావచ్చు. నెష్ రోగం పేరు కాదు కనుక దాన్ని కేస్ షీట్‌లో ఉన్నదున్నట్లు రాసి వదిలేయకుండా, ఎప్పటి నుంచి అని ఒక ప్రశ్న అడిగితే ఆ మాట నుంచి ఉపయోగకరమైన సమాచారం వస్తుంది.

ఇంగ్లండ్ బయట ఈ మాట ఉందా?

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ‘నిష్’ అన్న రూపంలో ఉంది. చేపల వేట కోసం డోర్సెట్, డెవన్ వంటి నైరుతి జిల్లాల నుంచి అక్కడికి వలస వెళ్లినవారి భాషలో అది నిలిచింది. అక్కడ దాని అర్థం సుకుమారమైన, తాకితే నొప్పిపుట్టే అని, హార్డీ నవలలోని అర్థానికి చేరువగా ఉంటుంది. మన దగ్గర కూడా ఊరు వదిలి తరాల కిందట వెళ్లినవారి నోట కొన్ని పాత మాటలు చెక్కుచెదరకుండా ఉండటం చూస్తూనే ఉన్నాం.

నిఘంటువుల్లో దొరుకుతుందా? ఇది నశించిపోతోందా?

పెద్ద నిఘంటువులన్నిటిలోనూ ‘మాండలికం’ అన్న గుర్తుతో దొరుకుతుంది. దీన్ని విస్తృతంగా నమోదు చేసినది జోసెఫ్ రైట్ ‘ఇంగ్లిష్ డయలెక్ట్ డిక్షనరీ’. 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాలుగా వెలువడిన ఆ నిఘంటువును కూర్చిన వ్యక్తి యార్క్‌షైర్ మిల్లులో బాలకార్మికుడిగా పనిచేసి, పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రానివాడై, తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడైనవాడు. 1950 నుంచి 1961 వరకు లీడ్స్ విశ్వవిద్యాలయం తరఫున హెరాల్డ్ ఆర్టన్ బృందం 313 చోట్ల తిరిగి, ముఖ్యంగా పల్లెల్లోని వృద్ధుల నుంచి మాండలిక పదాలను సేకరించింది. దాదాపు అదే కాలంలో మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో తెలుగు మాండలిక వృత్తి పదకోశం పని సాగింది, వ్యవసాయ పదాల తొలి సంపుటం 1962లో వచ్చింది. రెండు దేశాల్లోనూ పండితులు ముందుగా వెళ్లినది రైతుల దగ్గరికే.

నశించిపోతోందా అన్న ప్రశ్నకు నా సమాధానం: పొలం పనిముట్ల పేర్లు పోయినంత సులభంగా ఇది పోదు. నాగలి వాడకం తగ్గితే దాని భాగాల పేర్లూ మరుగున పడతాయి. కానీ చలికి ఓర్వలేని మనిషి ప్రతి ఇంట్లోనూ, ప్రతి తరంలోనూ ఒకరు ఉంటారు. ఆ మనిషికి మరో మాట దొరకనంతకాలం ఈ మాటకు పని ఉంటుంది.

తెలుగులోకి ఎలా అనువదించాలి?

‘చలికి ఓర్వలేని’ అంటే అర్థం సరిగానే వస్తుంది, కానీ అందులో ఎత్తిపొడుపు గానీ చనువు గానీ రాదు. అది వైద్యుడు రాసిన మాటలా ఉంటుంది. ‘సున్నితమైన’ అంటే మనసు గురించి చెబుతున్నట్లు పొరబడతారు. హార్డీ నవలలోని వాడుకకు ‘సుకుమారి’, ‘నాజూకు’ చక్కగా సరిపోతాయి, కానీ చలి అర్థానికి అవి చాలవు. వివరణలో వాడటానికి ‘చలికి మెతక’ అన్న కూర్పు నాకు నచ్చింది. పాత ఇంగ్లిష్‌లోని మెత్తదనమూ, నేటి చలీ రెండూ అందులో ఉన్నాయి.

అయితే సంభాషణను అనువదించేటప్పుడు మాటకు మాట వెతకడం మానుకోవడమే మేలు. విశేషణం చేసే పనిని తెలుగులో చాలాసార్లు క్రియ మరింత సహజంగా చేస్తుంది. బస్టాపులో తాత మనవడితో ‘డోంట్ బీ సో నెష్’ అన్నాడనుకోండి. దానికి ‘అంత చలికి మెతకగా ఉండకు’ అని రాస్తే అర్థం తెలుస్తుంది గానీ తాత గొంతు వినిపించదు. ‘ఈ మాత్రం చలికే ముడుచుకుపోతే ఎలారా!’ అని రాస్తే వినిపిస్తుంది. అదే మనవడు పెద్దవాడై, ఎవరో కిటికీ తెరిచినప్పుడు ‘ఐ యామ్ ఎ బిట్ నెష్’ అని తన గురించి చెప్పుకుంటే, ‘నాకు చలేస్తోంది’ అని మాత్రం రాయకండి. ‘నేను చలికి ఆగలేనండీ, కాస్త ఆ కిటికీ వేస్తారా?’ అని రాయండి.